కౌగిలి ఆదివారం

లయనెల్ టాపర్ యాత్రికులతో మర్యాదగా మాట్లాడగా విన్నవాళ్ళు మా ఆల్డర్‌కూమ్‌లో ఎవరూ లేరు. వీపున సంచులు, మెడలో పటాలు వేలాడదీసుకుని ఎవరైనా వచ్చి "పాత మఠానికి దారెటండీ?" అని అడిగితే, "వచ్చిన దారే" అని గ్లాసులోకి చూసుకునేవాడు. "మీ చర్చి ఎప్పటిదండీ?" అంటే "నేను పుట్టకముందుది" అనేవాడు. నా పబ్బు పేరు నాగలి. అందులో చలిమంట వేసే మూల కుర్చీలో కూర్చుని నా బేరాలన్నీ ఇలాగే చెడగొట్టేవాడు. జీవితమంతా సున్నం లేకుండా రాతిమీద రాయి పేర్చి పొలాల గోడలు కట్టిన మనిషి. సరైన రాయి దొరికేదాకా ఎంతసేపైనా వెతికేవాడు గానీ, ఒక్క మాట ఖర్చు పెట్టాలంటే ప్రాణం పోయేది.

అలాంటివాడు కిందటేడు ఆగస్టులో ఆ మఠం గుమ్మంలోనే నిలబడి, ముక్కూ మొహం తెలియని వాళ్ళని రండి రండని పిలిచాడు. ఊరంతా అతనికి ఎండదెబ్బ తగిలిందనుకున్నారు. అసలు సంగతి నాకు తెలుసు. ఎందుకు తెలుసో చెప్పాలంటే ముందు కౌగిలి ఆదివారం గురించి చెప్పాలి.

మా సెయింట్ కెనెల్మ్ చర్చిని ఏటా సెప్టెంబరులో ఒక ఆదివారం ఊరంతా కలిసి కౌగిలించుకుంటాం. చర్చి చుట్టూ చేతులు పట్టుకుని నిలబడతాం. గోడకి వీపు పెట్టి, ఊరివైపు చూస్తూ సగం పాట పాడతాం. అప్పుడు గంట ఒక్కసారి మోగుతుంది. చేతులు వదిలి వెనక్కి తిరుగుతాం, గోడవైపు మొహాలు పెట్టి మళ్ళీ చేతులు పట్టుకుంటాం, తక్కిన సగం పాడతాం. వలయం ఎక్కడా తెగకూడదు. తెగి ఉంటే పాట ఎత్తనే కూడదు. ఇదంతా ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. మా అమ్మమ్మ మాత్రం "చలికాలం వస్తోంది కదే, పాపం దానికీ ఎవరో ఒకరు ఉండాలిగా" అనేది.

ఎవరు ఎక్కడ నిలబడాలన్నది కూడా మన ఇష్టం కాదు. వీధిలో ఇళ్ళు ఏ వరసలో ఉంటే గోడ దగ్గర మనుషులదీ అదే వరస. ఉత్తరపు గోడకి, వాన గొట్టం పక్కన నాగలి పబ్బు, అంటే నేను. నా తర్వాత రాతిగని ఇల్లు, అంటే లయనెల్. ఆ తర్వాత పిండిమర ఇల్లు, అంటే రోవెనా.

రోవెనా పిండిమర ఇంటికి కోడలుగా వచ్చిన ఏడే ఆమె చెయ్యి లయనెల్ చేతిలో పడింది. అప్పటికి అతనికి ముప్పై నిండలేదు. ఆమె మొగుడు గాడ్‌ఫ్రే అస్క్యూ మంచివాడే. గుర్రాలంటే పిచ్చి. కౌగిలి రోజున ఆమెకి అటుపక్క నిలబడి, శ్రుతితో సంబంధం లేకుండా గొంతు చించుకునేవాడు. ఇటుపక్క లయనెల్ పెదవి కూడా కదిపేవాడు కాదు. ఏడాదికోసారి, ఒక్క పాటంతసేపు, అదీ ఊరందరి ముందూ, ఆమె మొగుడి ముందూ, ఆ చెయ్యి పట్టుకునేవాడు. మిగిలిన ఏడాదంతా "గుడ్ మార్నింగ్, మిసెస్ అస్క్యూ", "వాన వచ్చేట్టుంది, మిసెస్ అస్క్యూ". గాడ్‌ఫ్రే పోయి నాలుగేళ్ళయినా ఆ మాటలు అక్కడే ఆగిపోయి ఉన్నాయి. పెళ్ళి ఎందుకు చేసుకోలేదయ్యా అంటే "రాళ్ళతోనే సరిపోతోంది" అనేవాడు.

ఇవన్నీ నీకెలా తెలుసంటారా? ఊరివైపు చూసి నిలబడ్డప్పుడు అతని కుడిచెయ్యి రోవెనాది, ఎడమచెయ్యి నాది. వెనక్కి తిరిగామంటే కుడిపక్క వాళ్ళు ఎడమకీ, ఎడమపక్క వాళ్ళు కుడికీ వస్తారు. అంటే సగం పాటదాకా ఆమె పట్టుకున్న చెయ్యి, గంట మోగాక నా చేతిలోకి వస్తుంది. రాతిపని చేసేవాళ్ళ చేతులు ఎండలో కూడా చల్లగా ఉంటాయి. అతని ఎడమచెయ్యి నా చేతిలో ఉన్నంతసేపూ చల్లగానే ఉండేది. ఆ కుడిచెయ్యి మాత్రం వెచ్చగా, కాస్త వణుకుతూ వచ్చేది. మా ఆయన పోయాక, ఏటా ఆ వెచ్చదనం కోసం ఎదురుచూడడం నాకు అలవాటైపోయింది. ఇంకొకరి వల్ల వెచ్చబడ్డ చెయ్యి అని తెలిసే ఎదురుచూశాను. సిగ్గు లేదా అని అడగకండి. అరవై దాటాక, మోకాళ్ళ నొప్పుల మధ్య సిగ్గుకి చోటెక్కడుంటుంది?

ఇక అసలు కథ. కిందటేడు జూలై చివర్లో ఒక సాయంత్రం మా పాస్టరమ్మ టమ్సిన్ పబ్బుకి వచ్చింది. చిన్న పిల్ల. ఐదూళ్ళ చర్చిలు ఒక్కతే చూసుకుంటుంది, అందుకని కారు తాళాలు ఎప్పుడూ చేతిలోనే ఉంటాయి. ఆమె మొహం చూస్తేనే తెలిసింది, ఏదో మంచిపని చెయ్యబోతోందని.

"మేవిస్‌గారూ, కౌగిలికి ఈసారి ఒక ఉపాయం ఆలోచించాను" అంది. "కిందటిసారి ఎంత అవస్థయిందో చూశారుగా?"

చూడకేం. దక్షిణపు వీధిలో సగం ఇళ్ళు లండనువాళ్ళు కొనుక్కున్నారు. క్రిస్మస్‌కి తప్ప తలుపులు తియ్యరు. చర్చి అంతే ఉంది, మేం తగ్గిపోయాం. వలయం మూసుకోక, చివరికి పోస్టాఫీసు బర్నబీ తన కుక్క గొలుసు చాచి అటు పక్కావిడకి అందించాడు. పాటంతసేపూ ఆ కుక్క ఏడ్చింది.

"ఈసారి మఫ్లర్లు" అంది టమ్సిన్. "మనిషికీ మనిషికీ మధ్య ఒక మఫ్లరు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఉన్నవాళ్ళతోనే చుట్టూ సరిపోతాం. పెద్దవాళ్ళకి భుజాలు లాగవు. ఒకరి జలుబు ఒకరికి అంటుకోదు. మహిళామండలి వాళ్ళు అల్లడం కూడా మొదలుపెట్టేశారు."

"అందరి మధ్యనా?" అన్నాను.

"అందరి మధ్యనే. కొందరికి పెట్టి కొందరికి మానేస్తే ఏం బాగుంటుంది?"

మూలలో గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడైంది. నేను అటు చూడలేదు.

టమ్సిన్ మంచిది. చెప్పకూడనిది కూడా మంచి మనసుతోనే చెప్పేస్తుంది. "రోవెనాగారికి ఇదే చివరి కౌగిలి కదా" అంది. "ఆవిడ ఉండగా వలయం తెగితే నాకు బాధగా ఉంటుంది."

"చివరిదేంటి?" అన్నాడు లయనెల్. అతను పబ్బులో అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

టమ్సిన్ నాలిక్కరుచుకుంది. "మీకు తెలీదా? పిండిమర ఇల్లు అమ్మేశారు. నార్తంబర్‌లండ్‌లో వాళ్ళ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. కౌగిలి అయిన వారంలోనే."

లయనెల్ లేచి మా దగ్గరికి వచ్చాడు.

"ఎంతమంది కావాలి?"

"దేనికండీ?"

"మఫ్లర్లు లేకుండా చుట్టూ సరిపోడానికి."

"ఇప్పుడున్నవాళ్ళకి ఇంకో అంతమంది కావాలి. కానీ ఎక్కణ్ణించి వస్తారు?"

"తెస్తే మానేస్తారా?"

"తెస్తే మఫ్లర్లతో పనేముంది? కానీ లయనెల్‌గారూ..."

అతను అప్పటికే కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక మొగుడూ పెళ్ళాం పటం పరుచుకుని వాదించుకుంటున్నారు. అరగంట కిందట మఠానికి దారి అడిగి చీవాట్లు తిన్నది వాళ్ళే.

"మఠం అడిగారుగా" అన్నాడు. "పదండి. చూపిస్తా."

గ్లాసు తుడుస్తున్న గుడ్డ నా చేతిలోంచి జారిపోయింది.

లయనెల్‌కి కారు నడపడం రాదు. బీరు పీపాలు మోసే వ్యాను నా దగ్గరుంది. అలా ఆ ఆగస్టంతా మధ్యాహ్నాలు నేను వ్యాను నడపడం, అతను పక్కన కూర్చోవడం. నాకు ఎవరి కోసం తిరుగుతున్నామో తెలుసు. తెలిసి కూడా పొద్దున్నే లేచి జుట్టు దువ్వుకునేదాన్ని, వ్యానులో మంచి సీటు గుడ్డ వేశాను. రోజూ గేటు దగ్గర టోపీ పెట్టుకుని నిలబడ్డ అతన్ని చూడగానే, ఆ నెల అలాగే సాగిపోతే బాగుండుననిపించేది.

అతనికి చరిత్ర ఏమీ రాదు. ఆ లోటు అబద్ధాలతో తీర్చాడు. పైకప్పు ఎప్పుడో కూలిన మఠంలో నిలబడి "ఇక్కడ ఒక రాజు పడుకున్నాడు" అని చెప్పాడు.

"ఏ రాజండీ?" అంది ఒక పెద్దావిడ, పెన్ను తీసి.

"పేరు చెప్పలేదు. రహస్యంగా పడుకున్నాడు."

కోట దిబ్బ ఎక్కి ఆయాసపడుతున్న ఒక కుటుంబం "కోటేదీ?" అని అడిగితే మాత్రం నిజమే చెప్పాడు. "ఊళ్ళో ఉంది. మా తాతల తాతలు రాళ్ళన్నీ పట్టుకుపోయారు. నా ఇంటి పొయ్యి కోటదే. మేవిస్ పబ్బులో మెట్లు కోటవే. కౌగిలి ఆదివారం రండి, మొత్తం కోటంతా తిప్పి చూపిస్తా." ఊరు లేని చర్చి ఒకటి ఉంది, పొలాల మధ్య. ప్లేగులో ఊరు పోయింది, చర్చి మిగిలింది. లోపల వినేవాళ్ళు లేక గువ్వలు కూస్తుంటాయి. అక్కడ డడ్లీ నుంచి వచ్చిన ఒక నడక సంఘం దొరికింది. వాళ్ళ పెద్ద గోర్డన్ అని, గుమ్మం పట్టనంత మనిషి, నవ్వితే గువ్వలన్నీ లేచిపోయాయి.

"చర్చిని కౌగిలించుకోవడమా! మా ఆవిడే నన్ను కౌగిలించుకోవడం మానేసింది, చేతులు అందక" అన్నాడు. "తప్పకుండా వస్తాం, లయనెల్!"

అన్నిటికన్నా కష్టమైంది తెల్ల దుప్పి. అది పై ఊరి పబ్బు. తాడులాట పందెంలో మావాళ్ళు ఎవరో తాడు చివర చెట్టుకి కట్టారని వాళ్ళంటారు. ఆ రోజు నుంచీ లయనెల్ ఆ గడప తొక్కలేదు. యజమాని నెవిల్ మమ్మల్ని చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏం మేవిస్, నీ బీరు నువ్వే తాగలేక ఇటొచ్చావా?"

"చెప్పులకి బురదైంది నెవిల్. నీ బీరుతో కడుక్కుందామని."

లయనెల్ టోపీ తీశాడు. "కౌగిలికి నీ జనాన్ని తీసుకురా."

నెవిల్ పకపకా నవ్వాడు. "మీ చర్చిని మేం కౌగిలించుకుంటే మా చర్చి ఏమనుకుంటుందయ్యా? ఇక్కడ ఇల్లు కట్టుకుని అక్కడ కాపరం పెట్టినట్టుండదూ?"

"అడుగుతున్నా, నెవిల్" అన్నాడు లయనెల్. "నేనెప్పుడైనా ఎవర్నైనా ఏదైనా అడిగానా?"

నెవిల్ నవ్వు ఆపాడు. అతనికేసి చూసి, నాకేసి చూశాడు. నేను నేలకేసి చూశాను. "తాడు చెట్టుకి కట్టారని ఒప్పుకో. వస్తాం."

"కట్టాం" అన్నాడు లయనెల్ వెంటనే. నిజానికి ఆ రోజు అతను ఊళ్ళోనే లేడు.

తిరిగి వస్తుంటే చాలాసేపు కిటికీలోంచి గోడలు చూశాడు. "నార్తంబర్‌లండ్‌లో చలి ఎక్కువంటారు" అన్నాడు చివరికి.

"సముద్రం గాలి కదా."

"ఆవిడకి చలి పడదు."

"ఆ మాట ఆవిడతో అనొచ్చుగా."

"ఏమని?"

"చలి పడదని. వెళ్ళద్దని. ఇక్కడ ఒక మొండి ముసలాడు నలభై ఏళ్ళుగా నీ చెయ్యి తలుచుకుంటూ బతుకుతున్నాడని."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అదిగో, హాకెట్ వాళ్ళ గోడ కుంగిపోతోంది" అన్నాడు. "శీతాకాలం లోపల సరిచెయ్యాలి."

నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. అతను ఆమెతో చెప్తే బాగుండుననిపించింది. చెప్పకపోతే బాగుండుననిపించింది. రెండూ నిజంగానే అనిపించాయి. ఏది జరగాలో ఎంచుకోలేక వ్యానుని మామూలుకన్నా నెమ్మదిగా నడిపాను.

ఆదివారం వచ్చింది. పొద్దుట వాన పడి తెరిపి ఇచ్చింది. జనం రావడం మొదలయ్యాక ఆగలేదు. మఠం దగ్గరి మొగుడూ పెళ్ళాం, పెన్నావిడ, కోట కుటుంబం, పై ఊరి నుంచి నెవిల్ వెనకాల అతని జనమంతా, తాడు ఒకటి భుజాన వేసుకుని మరీ. మహిళామండలి వాళ్ళ మఫ్లర్ల బుట్ట చర్చి గుమ్మంలో అలాగే ఉంది. టమ్సిన్ దాన్ని కాలితో పక్కకి నెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాకు ముద్దొచ్చింది.

నేను నా వాన గొట్టం పక్కన నిలబడ్డాను. లయనెల్ పక్కనొచ్చి నిలబడ్డాడు. పెళ్ళికీ చావుకీ వేసుకునే కోటు వేసుకున్నాడు, చేతులు సబ్బుతో రుద్ది రుద్ది ఎర్రగా చేసుకొచ్చాడు. రోవెనా సమాధుల మధ్య నుంచి నడిచి వస్తోంది. బూడిదరంగు గౌను, చేతులకి తొడుగులు, మనిషి ఎప్పటిలాగే నిటారుగా. ఇంక నాలుగడుగుల దూరంలో ఉందనగా డడ్లీ బస్సు ఆగింది.

"లయనెల్! వచ్చేశామయ్యా!"

గోర్డన్ గడ్డిమీద పరిగెత్తుకొచ్చి లయనెల్‌ని ఊపేసి, పక్కన ఖాళీ కనిపించగానే అందులో నిలబడిపోయాడు. లయనెల్ కుడిచెయ్యి తన గుప్పిట్లోకి తీసుకున్నాడు. రోవెనా ఒక్క క్షణం ఆగింది. తర్వాత వెళ్ళి గోర్డన్‌కి అవతలపక్క నిలబడింది.

పక్కకి జరగమని చెప్తే సరిపోయేది. కానీ మా ఊళ్ళో పిలవగా వచ్చిన మనిషిని తప్పుకోమనడం కన్నా చచ్చిపోవడం తేలిక. లయనెల్ మొహం సున్నంలా పాలిపోయింది. నెల రోజులు అబద్ధాలాడి, టోపీ తీసి, చెయ్యని తప్పు ఒప్పుకుని తెచ్చిన జనంలో ఒకడు ఆ ఒక్క చోటులో నిలబడ్డాడు. నేను నోరు తెరిచేలోపల ఊరి బ్యాండు పాట ఎత్తుకుంది.

పాట సాగింది. ఎన్నో ఏళ్ళుగా వినని పాట. వలయం నిండుగా ఉంది, చర్చి నాలుగు వైపుల నుంచీ గొంతులు కలుస్తున్నాయి. గోర్డన్ గొంతు గాడ్‌ఫ్రేది లాగే శ్రుతికి దూరంగా పోతోంది. నా చేతిలో లయనెల్ ఎడమచెయ్యి బండరాయిలా ఉంది. ఆమె అతనికి రెండడుగుల దూరంలోనే ఉంది. ఆ రెండడుగుల నిండా గోర్డనే ఉన్నాడు.

గంట మోగింది. అందరం చేతులు వదిలి తిరిగాం. ఆ తిరిగే సందులో రోవెనా కదిలింది. గోర్డన్ వెనక నుంచి నడిచి వచ్చి అతని భుజం తట్టింది.

"క్షమించండి. ఇది పిండిమర ఇంటి చోటు."

"అయ్యో! ఇక్కడ చోట్లుంటాయా?"

"ఉంటాయి" అంది రోవెనా.

గోర్డన్ కంగారుగా అవతలికి జరిగాడు. ఆమె తొడుగు తీసి జేబులో పెట్టుకుని లయనెల్ చెయ్యి పట్టుకుంది. ఇటుపక్క కుడిచెయ్యి నాకొచ్చింది. గోర్డన్ చెమటతో తడిసి ఉంది. అది నా వేళ్ళని బిగించి పట్టుకుంది.

మొహాలు గోడవైపు ఉన్నాయి. పాట మధ్యలో ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది. నేను పక్కనే ఉన్నాను, చెవులు మూసుకోవడానికి నా చేతులు ఖాళీగా లేవు.

"గురువారం వెళ్ళిపోతున్నాను, లయనెల్."

"విన్నాను, మిసెస్ అస్క్యూ."

"నాకేమైనా చెప్తావా?"

లయనెల్ తలెత్తి గోడ పైకి చూశాడు. చూరు కింద ఒక రాతి మొహం ఉంది, పళ్ళికిలించుకుని.

"ఆ మొహం చూశారా, మిసెస్ అస్క్యూ" అన్నాడు. "దాని ముక్కు విరిగిపోతే మా తాతే కొత్తది పెట్టాడు."

ఆమె ఆ ముక్కుకేసి చాలాసేపు చూసింది. "బాగా పెట్టాడు" అంది. తక్కిన పాట పాడింది. చెయ్యి చివరిదాకా వదల్లేదు.

ఆ సాయంత్రం నాగలిలో కాలు పెట్టడానికి చోటు లేదు. నెవిల్ నా బీరు తాగి బాగుందని ఒప్పుకున్నాడు. పెన్నావిడ రాజు గురించి ఇంకా ఏదో అడగాలని లయనెల్ కోసం వెతికింది. అతను వెనక పెరట్లో ఖాళీ పీపామీద కూర్చుని ఉన్నాడు. నేను గ్లాసులు పోగుచేసే వంకతో వెళ్ళాను.

"అడిగింది, మేవిస్" అన్నాడు.

"విన్నాను."

"నలభై ఏళ్ళ మాటలు. అన్నీ ఒక్కసారే పైకొచ్చాయి. ఏది ముందు తియ్యాలో తెలీలేదు. చేతికందింది తీశాను."

"ముక్కు తీశావు."

"అవును" అని, రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే నేను గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. "గురువారం దాకా ఉందిగా, బండరాయీ" అన్నాను చివరికి. ఆ మాట అనడం నాకెంత కష్టమైందో అతనికి తెలియదు.

గురువారం వెళ్ళాడు. సామాన్ల లారీ వచ్చేసరికే పిండిమర గేటు దగ్గరున్నాడు. అల్మరా ఒక పక్క పట్టాడు, గడియారం మోశాడు, గేటు పక్క గోడలో వదులైన రాయి ఒకటి సరిగ్గా కూర్చోబెట్టాడు. బయల్దేరే ముందు ఆమె ఒక నీలం మఫ్లరు తెచ్చిచ్చిందట. "ఆ బుట్ట కోసం అల్లాను. నువ్వు దాని పని లేకుండా చేశావు" అందట. అతను "థాంక్యూ, మిసెస్ అస్క్యూ" అన్నాడట. కారు మలుపు తిరిగిందట. ఎండ కాస్తుండగా మెడకి ఉన్ని మఫ్లరు చుట్టుకుని పబ్బులోకొచ్చి, మూల కుర్చీలో కూర్చున్నాడు. నేను అడక్కుండానే బీరు పోశాను.

శీతాకాలమంతా దాన్ని తియ్యలేదు. హాకెట్ వాళ్ళ గోడ సరిచేశాడు. పోస్టాఫీసు ముందు నిలబడి లోపలికి వెళ్ళకుండా తిరిగి రావడం నేను రెండు మూడుసార్లు చూశాను. యాత్రికులు వస్తే దారి చెప్పేవాడు, ఇప్పుడు మర్యాదగానే. రాజు గురించి అడిగితే మాత్రం "అబద్ధం చెప్పాను" అనేవాడు.

ఈ ఏడు కౌగిలికి పిండిమర ఇంటి కొత్తవాళ్ళు రాలేదు. వాళ్ళు లండనులో ఉన్నారు. గోర్డన్ వచ్చాడు, సంఘాన్నంతా వెంటేసుకుని. ఈసారి పరిగెత్తలేదు. లయనెల్ కుడిపక్క ఖాళీ చూసి, దూరంగానే ఆగి టోపీ తీశాడు.

"ఇక్కడ నిలబడొచ్చా? ఇది ఎవరిదో చోటు కదూ?"

"ఆవిడదే" అన్నాడు లయనెల్. మెడలోంచి నీలం మఫ్లరు విప్పి ఒక చివర అతనికిచ్చాడు. "ఇది పట్టుకుని అవతల నిలబడు."

గోర్డన్ ఆ చివర పట్టుకున్నాడు. మఫ్లరు సాగినంత దూరం వెళ్ళి నిలబడ్డాడు. టమ్సిన్ చూసింది, చూడనట్టు పాట ఎత్తించింది. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ, దానిమీద గాలికి ఊగుతూ మఫ్లరు. లయనెల్ ఊరివైపు చూడలేదు, గంట దాకా ఆ ఖాళీకేసే చూశాడు. అన్నేళ్ళు పక్కన నిలబడ్డ నాకు, ఆమె నిజంగా లేదని ఆ నిమిషంలోనే తెలిసింది. ఏడుపొచ్చింది. ఎవరి కోసమని అప్పుడు అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

గంట మోగింది. తిరిగాం. అతని కుడిచెయ్యి నా చేతిలోకి వచ్చింది. చల్లగా వచ్చింది. నేను ఎరిగినప్పటినుంచీ ఆ చెయ్యి నాకు చల్లగా రావడం అదే మొదలు.

పాట అయిపోయింది. అందరూ చేతులు వదిలారు. పిల్లలు బన్నుల బల్ల దగ్గరికి పరిగెత్తారు, గోర్డన్ మఫ్లరు చివర జాగ్రత్తగా మడిచి లయనెల్ ఎడమ భుజంమీద వేసి వెళ్ళిపోయాడు. గోడ దగ్గర మేమిద్దరమే మిగిలాం.

"మేవిస్, అయిపోయింది" అన్నాడు లయనెల్, గోడకేసి చూస్తూ.

"తెలుసు. నీ చెయ్యి చల్లగా ఉంది. వెచ్చబడ్డాక వదులుతాను."

అతను ఆ రాతి మొహాన్నీ, దాని ముక్కునీ చూశాడు. తర్వాత, ఎన్నో ఏళ్ళలో మొదటిసారి, తల తిప్పి నన్ను చూశాడు.

"చాలాసేపు పట్టొచ్చు" అన్నాడు.

"పట్టనీ" అన్నాను.